ఎదురుచూపు ఏళ్లకు ఏళ్లు సాగుతుంటే భయం మీద కాదు, దేవుని మీద ఆనుకోవడం ఎలా?

బిడ్డ కోసం, ఉద్యోగం కోసం, మంచి సంబంధం కోసం, అలిగి ఇల్లు వదిలి వెళ్లిన కొడుకు తిరిగి రావడం కోసం ఏళ్ల తరబడి ప్రార్థిస్తున్నవాళ్లకు ఇది రాస్తున్నాను. "భయపడకు" అన్న మాట మీకు కొత్త కాదు. ఎన్నో కూటాల్లో విన్నారు. విన్న రోజు రాత్రి కూడా భయం వేసే ఉంటుంది. దానికి తోడు "నాకు విశ్వాసం లేదేమో" అనే దిగులు ఇంకొకటి పట్టుకుని ఉంటుంది.

ముందు ఆ రెండో దిగులు వదిలేయండి. 56వ కీర్తన పైన, దావీదు గాతులో ఫిలిష్తీయులకు చిక్కినప్పటిదని రాసి ఉంటుంది. అందులో 3వ వచనం చూడండి: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." భయం పోయాక ఆశ్రయిస్తానని దావీదు అనలేదు. అదే రోజున భయం ఉంది, అదే రోజున ఆశ్రయించడమూ ఉంది. భయం లేకుండా చేసుకోవడం మన చేతిలో లేదు. కానీ అది మన తరఫున నిర్ణయాలు తీసుకోకుండా ఆపడం చాలావరకు మన చేతిలోనే ఉంది. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

1. దేనికోసం చూస్తున్నారో రాసుకోండి

ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు పేజీలు కేటాయించండి.

మొదటి పేజీలో మీరు కోరుకుంటున్నది ఒక్క వాక్యంలో రాయండి. "దేవుడు నన్ను దీవించాలి" అని కాదు. "నాకు పాప కావాలి", "నాన్న తాగుడు మానాలి" అన్నంత సూటిగా రాయండి. దాని కిందే మీ భయాన్ని కూడా అంతే సూటిగా రాయండి. "పిల్లలు లేకపోతే మా ఆయన నన్ను వదిలేస్తాడేమో." "నాకు 35 దాటితే ఇక ఎవరూ చేసుకోరు." రాసేటప్పుడు చెయ్యి వణికితే వణకనివ్వండి. పేరు పెట్టని భయం ఇల్లంతా తిరుగుతుంది, రాసిన భయం ఆ పేజీలో ఉంటుంది.

రెండో పేజీలో దేవుడు తన ప్రజలందరికీ వాక్యంలో ఇచ్చిన మాటలు రాయండి. నిన్ను విడువను, ఎడబాయను అన్నది అలాంటిది. మూడో పేజీలో మనుషులు మీకు చెప్పినవి రాయండి. "వచ్చే ఏడాది ఈపాటికి నీ ఒడిలో బిడ్డ ఉంటుంది" అని ఏదో కూటంలో ఒక బోధకుడు మీ తల మీద చెయ్యి పెట్టి చెప్పింది ఈ పేజీలోకే వస్తుంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మీరు తీసుకున్న వాగ్దాన కార్డు విషయంలో కాస్త ఆగి ఆలోచించండి. దాని మీద ఉన్న వచనం దేవుని మాటే, అందులో సందేహం లేదు. "ఈ వచనం వచ్చింది కాబట్టి ఈ సంవత్సరమే జరుగుతుంది" అన్నది మాత్రం మనం కలుపుకున్నది. ఆ భాగం మూడో పేజీలో రాయండి.

ఈ విడదీయడం ఎందుకంటే, చాలామంది విశ్వాసం దెబ్బతినేది దేవుడు ఇచ్చిన మాట తప్పినందుకు కాదు. ఎవరో ఇచ్చిన తేదీ దాటిపోయినందుకు. యిర్మీయా 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ నిలబడి, యూదుల మీద ఉన్న బబులోను కాడి, అంటే బబులోను రాజు పెత్తనం, రెండేళ్లలో విరిగిపోతుందని ప్రకటించాడు. వినడానికి ఎంత బాగుందో! యిర్మీయా కూడా "ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక" అన్నాడు. కానీ దేవుడు ఆ మాట చెప్పలేదు. చెప్పింది 70 ఏళ్లు. హనన్యా మాట నమ్మి పెట్టె సర్దుకుని కూర్చున్నవాళ్ల పరిస్థితి మూడో ఏడు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

2. దేవుని దగ్గర ఫిర్యాదు చేయండి

మనం ప్రార్థన మొదలుపెట్టగానే గొంతు మారిపోతుంది. "పరిశుద్ధుడవైన తండ్రీ, మహోన్నతుడా" అని అలవాటైన వరసలో సాగిపోతాం. గుండెలో ఉన్నది బయటికి రాకుండానే ఆమేన్ వచ్చేస్తుంది. స్తుతి తప్పనడం లేదు. రోజులో ఒక పది నిమిషాలు మాత్రం మీ అమ్మతో మాట్లాడే తెలుగులో మాట్లాడండి. "ప్రభువా, నిన్న మా తోడికోడలికి రెండోవాడు పుట్టాడు. నాకు ఏడుపొచ్చింది. నువ్వు నన్ను చూస్తున్నావా లేదా?" అని అడగండి. ఇది గర్వం కాదు, తిరుగుబాటూ కాదు. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే దావీదు ఎన్నాళ్లు, ఎంతకాలం అని నాలుగుసార్లు అడిగాడు. అయినా ఆ కీర్తనను ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు.

షిలోహు మందిరంలో, పిల్లలు లేని హన్నా ఏడ్చిన తీరు చూసి యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు. మందిరంలో ఉన్న పెద్దకే ఆమె బాధ అర్థం కాలేదు. మీ కన్నీళ్లను కూడా సంఘంలో ఎవరైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే హన్నా చేసిందే చేయండి. నేను తాగలేదు, మనోదుఃఖంతో ఉన్నాను, నా ప్రాణాన్ని దేవుని ముందు కుమ్మరిస్తున్నాను అని మర్యాదగా, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె ఏలీతో గొడవపడలేదు, ప్రార్థనా మానలేదు. ఆ తర్వాత వెళ్లి భోజనం చేసిందని, ఆమె ముఖం ఇక దుఃఖంగా లేదని రాసి ఉంది. అప్పటికి ఆమె ఇంకా గర్భవతి కాలేదు.

3. రాత్రి రెండింటికి ఏం చేయాలి

భయం పగటికన్నా రాత్రి బలంగా ఉంటుంది. ఆ వేళకు ముందే సిద్ధం కావాలి, ఎందుకంటే అప్పటికప్పుడు మెదడు పని చేయదు. పడుకునే ముందు ఫోన్ వేరే గదిలో పెట్టండి. అలారం కావాలంటే చిన్న గడియారం కొనుక్కోండి. మంచం పక్కన బైబిలు, నోట్‌బుక్, పెన్ను, మంచినీళ్లు ఉంచండి.

మెలకువ వచ్చి గుండె దడదడలాడితే పడుకుని పోరాడకండి. లేచి కూర్చుని నీళ్లు తాగండి. ముందే గుర్తు పెట్టుకున్న ఒక కీర్తనను గొంతు విప్పి చదవండి. పక్కన వాళ్లు నిద్రపోతుంటే గుసగుసగా అయినా సరే, పెదాలు మాత్రం కదలాలి. 27, 56, 121, 130, వీటిలో మీకు నచ్చింది పెట్టుకోండి. మనసులో తిరుగుతున్న ఆలోచనను నోట్‌బుక్‌లో ఒక్క లైనుగా రాసి పక్కన "పొద్దున చూద్దాం" అని రాయండి. ఆ వేళలో వీసా స్టేటస్ చూడటం, రిపోర్టులో ఉన్న పదాలను గూగుల్‌లో వెతకడం, ఎవరికైనా పొడవాటి మెసేజ్ పెట్టడం వద్దు. రాత్రి పది తర్వాత ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. భార్యాభర్తలు ఇద్దరూ దాన్ని ఒప్పుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

4. తొందరపెట్టే నిర్ణయాన్ని గుర్తుపట్టండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది.

గిల్గాలులో సౌలు రాజు ప్రవక్త అయిన సమూయేలు కోసం ఏడు రోజులు ఆగాడు. అంటే అతను అసలు ఆగనివాడు కాదు. చెప్పిన గడువు మొత్తం ఆగాడు. ఒకపక్క ఫిలిష్తీయులు కూడుకుంటున్నారు, ఇంకోపక్క సొంత జనం చెదిరిపోతున్నారు. చివరికి మిగిలింది సుమారు 600 మంది. అప్పుడు తాను చేయకూడని బలి తానే అర్పించేశాడు. అది ముగియగానే సమూయేలు వచ్చాడు. అబ్రాహాము ఇంట్లోనూ ఇంతే. దేవుని పిలుపు వచ్చినప్పుడు ఆయనకు 75 ఏళ్లు. కనానులో పదేళ్లు గడిచాక, బిడ్డ కోసం ఆయన భార్య శారయి తన దాసి హాగరును ఆయనకిచ్చింది. 86వ ఏట ఇష్మాయేలు పుట్టాడు, ఇస్సాకు పుట్టింది 100వ ఏట. ఆ ఇంట్లో ఎక్కువ నలిగిపోయింది హాగరు. వాళ్ల తొందరకు ఎడారిలో బిడ్డతో ఏడ్చింది ఆమె. మన తొందర నిర్ణయం బరువు చాలాసార్లు ఇంకెవరి నెత్తినో పడుతుంది.

మన ఇళ్లలో ఈ తొందర ఇలా కనబడుతుంది. గల్ఫ్ ఉద్యోగం పేరుతో ఏజెంటుకు నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టడం. వయసు దాటిపోతోందని, అమ్మాయి వద్దంటున్నా సంబంధం ఖాయం చేసేయడం. కానుకను విత్తనం అని పిలిచి "ఈ విత్తనం వేస్తే 40 రోజుల్లో జవాబు" అన్నవాడికి మెడలో గొలుసు తీసి ఇచ్చేయడం. దేవుడు జవాబులు అమ్మడు. డబ్బుతో ముడిపెట్టి గడువు చెప్పే ఎవరి దగ్గరికీ వెళ్లకండి, ఎంత పేరున్నవాడైనా సరే.

పెద్ద నిర్ణయం ముందుకొచ్చినప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నెల రోజులు ఆగితే నిజంగా నష్టమా, లేక ఆగలేకపోతున్నానా? దీన్ని నా పాస్టర్ గారికో, నా మేలు కోరే పెద్దవాళ్లకో చెప్పకుండా దాచాలనిపిస్తోందా? ఈ పని కోసం దేవుడు వద్దన్నది ఏదైనా చేయాల్సి వస్తోందా, అబద్ధం, లంచం, దొంగ సర్టిఫికెట్ లాంటివి? రెండో ప్రశ్నకు "అవును" వస్తే అక్కడే ఆగిపోండి. దాచాలనిపించే నిర్ణయం దాదాపు ఎప్పుడూ భయం తీసుకున్నదే.

5. మందులు మానకండి, దరఖాస్తులు ఆపకండి

దేవుని మీద ఆనుకోవడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. జబ్బుపడిన హిజ్కియా రాజుకు ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా, పుండు మీద అంజూరపు ముద్ద కట్టమని ప్రవక్త యెషయా చెప్పాడు. యెరూషలేము గోడ కడుతుంటే శత్రువులు బెదిరించినప్పుడు నెహెమ్యా ప్రార్థన చేశాడు, రాత్రింబగళ్లు కావలి కూడా పెట్టాడు.

కాబట్టి బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ఎవరు చెప్పినా మానకండి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరును అడగండి. పూట భోజనం బదులు టీవీనో ఫోనో మానేసి ప్రార్థించినా ఉపవాసానికి తక్కువేమీ కాదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. ఇద్దరూ కలిసి వెళ్లండి. మన దగ్గర భార్యకు పది రకాల టెస్టులు అయ్యేదాకా భర్త ఒక్క వీర్య పరీక్షకు కూడా వెళ్లడు. కారణం ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండొచ్చు, అతని పరీక్ష చాలా సులువైనది కూడా.

6. ఈ రోజు పని ఈ రోజే చేయండి

"సమాధానకరమైన ఉద్దేశములే" అన్న యిర్మీయా 29:11 చాలా తెలుగు ఇళ్లలో గోడ మీద ఉంటుంది. దానికి ముందు వచనాలు గోడ మీదికి ఎక్కవు. అది బబులోనుకు చెరపట్టబడిన వాళ్లకు రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని అందులో ఉంది. వాళ్లలో పెద్ద వయసువాళ్లకు తెలుసు, 70 ఏళ్లంటే తాము తిరిగి వెళ్లబోమని. అయినా తోట నాటమన్నాడు దేవుడు.

మీరు ఏం ఆపేశారో చూసుకోండి. "ఉద్యోగం వచ్చాక" అని వాయిదా వేసిన పంటి వైద్యం, "పాప పుట్టాక" అని ఖాళీగా ఉంచిన గది, "గ్రీన్ కార్డు వచ్చాక" అని పదేళ్లుగా వెళ్లని అమ్మానాన్నల ఊరు. వాటిలో ఒకటి ఈ వారం మొదలుపెట్టండి. సండే స్కూల్లో పిల్లలకు చెప్పండి, పాటల బృందంలో చేరండి, సగంలో ఆగిన డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేయండి.

ఇక్కడ ఒంగోలు సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరుకు చేరింది. ఏళ్లు గడిచినా క్రైస్తవులుగా మారినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఆ మిషన్‌లో పని చేస్తున్న లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్ల తర్వాత. ఆ మధ్యలో జ్యూయెట్ తన పని మానేసి కూర్చోలేదు.

క్లౌ కాలంలో జరిగినది నాకు ఇంకా ఇష్టం. 1876 నుంచి 78 వరకు భయంకరమైన కరువు వచ్చింది. ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం పని తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లు ఎందరో ఉన్నా, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం ఎవరికీ ఇవ్వలేదు. ఫలితం కోసం అంతకాలం ఎదురుచూసిన మిషన్‌లో, ఫలితం చేతికందుతున్నప్పుడు ఆగడం చిన్న సంగతి కాదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

7. చుట్టాలకు జవాబు ముందే తయారుగా ఉంచుకోండి

"ఏమైనా విశేషమా?" "ఇంకా ఖాళీగానే ఉన్నాడా?" ఇవి ప్రతి పెళ్లిలోనూ వినబడతాయి. అప్పటికప్పుడు జవాబు వెతుక్కుంటే గొంతు పూడుకుపోతుంది. ఇంట్లోనే ఒక వాక్యం అనుకోండి: "ప్రార్థన చేస్తున్నాం పిన్నీ, మీరూ చేయండి. అన్నట్టు మీ మోకాలు నొప్పి ఎలా ఉంది?" అంతే. వివరాలు ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి మాత్రమే చెప్పండి. సలహాలు ఇవ్వకుండా వినేవాళ్లను, మీ మాట బయట పెట్టనివాళ్లను ఎంచుకోండి. సంఘమంతటికీ ప్రార్థన మనవిగా ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఇవ్వకపోతే విశ్వాసం తక్కువేమీ కాదు.

వేరేవాళ్లకు జవాబు వచ్చి సాక్ష్యం చెబుతున్నప్పుడు మనసు గుచ్చుకుంటుంది. వెళ్లి అభినందించండి, కానుక ఇవ్వండి. సీమంతంలో చివరిదాకా కూర్చోవడం మీ వల్ల కాకపోతే భోజనం కాగానే వచ్చేయండి. భర్త ఆ రోజు భార్యకు తోడుగా వెళ్లాలి, అత్తగారి మాటలకు ఆమెను ఒంటరిగా వదలకూడదు.

8. శరీరం మొరాయిస్తే

రెండు మూడు వారాలుగా నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, ఊరికే ఊపిరి ఆడనట్టు అనిపించడం, బతకడం ఎందుకన్న ఆలోచన రావడం, ఇవి ఉంటే అది ఒట్టి టెన్షన్ కాదు. వైద్యం కావాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 ఉచితం, పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం తీసేయమని అడిగి బదరీ చెట్టు కింద పడుకున్న ప్రవక్త ఏలీయాకు దేవుని దూత ముందు ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు.

9. దారి మార్చాలా అన్నది ఎలా తేల్చుకోవాలి

కొన్ని ఎదురుచూపులకు గడువు పెట్టడం అవిశ్వాసం కాదు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో ఒకసారి, 2023లో మరోసారి రాసి, రెండూ రద్దయినవాళ్ల వయసు, అప్పు, అమ్మానాన్నల ఓపిక అన్నీ కరిగిపోయాయి. అలాంటి చోట ఇంట్లో అందరూ కూర్చుని ఒక తేదీ అనుకోండి. అప్పటిదాకా పూర్తి మనసుతో చదవాలి. ఆ రోజు వచ్చాక, పగటిపూట, ప్రార్థన చేసుకుని, లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. మీ రాత్రి నోట్‌బుక్ కూడా తెరవండి. "పొద్దున చూద్దాం" అని రాసుకున్న భయాల్లో ఎన్ని నిజమయ్యాయో, ఎన్ని గాలికి పోయాయో అందరూ చూడాలి.

అపొస్తలుడైన పౌలు ఆసియాలో బోధించాలనుకుంటే పరిశుద్ధాత్మ ఆపాడు. బితూనియకు వెళ్లబోతే మళ్లీ ఆపాడు. రెండు దారులూ మూసుకున్నాక త్రోయకు వచ్చాడు, మాసిదోనియకు రమ్మన్న పిలుపు అక్కడే దర్శనంలో వచ్చింది. మూసుకున్న తలుపు ముందు అతను ఏళ్ల తరబడి కూర్చోలేదు, తలుపు పగలగొట్టనూ లేదు.

ఏ తేదీ పెట్టలేని ఎదురుచూపులూ ఉన్నాయి. తాగుడు మానని తండ్రి, దేవుణ్ణి వదిలేసిన కూతురు. వాళ్ల కోసం ప్రార్థనకు గడువు పెట్టకండి, కానీ ఆ భారం ఒక్కరే మోయకండి. వారంలో ఒక రోజు ఇంకొకరికి అప్పగించండి. బుధవారం మీ అక్క ఆ పేరు ఎత్తి ప్రార్థిస్తుంది, ఆ రోజు మీరు ఆ సంగతి వదిలేసి వంట చేసుకోండి, పాటలు పాడుకోండి, పెందలాడే పడుకోండి.